విలియమ్స్ సిండ్రోమ్ ఉన్నవారి మాట, తెలివి, స్నేహం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎదుగుదలలో తేడా ఉన్న పిల్లలతో, వాళ్ళ ఇంటివాళ్ళతో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. విలియమ్స్ సిండ్రోమ్ ఉన్న పిల్లల తల్లిదండ్రులు మొదటిసారి వచ్చినప్పుడు అడిగేది ఇంచుమించు ఒకటే: “ఇంత చక్కగా మాట్లాడుతుంది కదండీ, మరి అది ఎందుకు చేయలేకపోతోంది?” ఆ ‘అది’ ఒక్కో ఇంట్లో ఒక్కొక్కటి. గుండీలు పెట్టుకోవడం, గడియారం చూసి సమయం చెప్పడం, ఒక్క స్నేహితురాలినైనా నిలుపుకోవడం. కింది జవాబులన్నీ ఆ ప్రశ్న చుట్టూ తిరిగేవే.

అసలు విలియమ్స్ సిండ్రోమ్ అంటే ఏమిటి?

ఏడో క్రోమోజోమ్‌లో ఒక చిన్న ముక్క లేకపోవడం వల్ల వచ్చే స్థితి. ప్రతి మనిషికీ ఏడో క్రోమోజోమ్ రెండు ప్రతులు ఉంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఆ రెండింటిలో ఒకదానిలో, 7క్యూ11.23 అని శాస్త్రవేత్తలు పిలిచే చోట, సుమారు 15 నుంచి 18 లక్షల డీఎన్ఏ అక్షరాల పొడవున్న భాగం ఉండదు. దానితో పాటే 25 నుంచి 27 జన్యువులు కూడా పోతాయి. రెండో ప్రతిలో అవి ఉంటాయి, అయితే కొన్ని పనులకు శరీరానికి ఒక ప్రతి సరిపోదు.

పోయిన వాటిలో ఎలాస్టిన్ జన్యువు ఒకటి. రక్తనాళాలకు సాగే గుణాన్ని ఇచ్చే ప్రోటీన్ దాని నుంచే తయారవుతుంది. అందుకే ఈ పిల్లల్లో చాలామందికి గుండె నుంచి బయలుదేరే ప్రధాన ధమని ఇరుకుగా ఉంటుంది. నిజానికి ఈ సిండ్రోమ్ వైద్యుల కంట పడింది గుండె వల్లే. 1961లో న్యూజిలాండ్‌లో జె.సి.పి. విలియమ్స్ ఇద్దరు సహచరులతో కలిసి నలుగురి గురించి రాశారు. నలుగురికీ అదే గుండె లోపం, ఒకే పోలికలున్న ముఖాలు, ఎదుగుదలలో ఆలస్యం. మరుసటి ఏడాది జర్మనీలో అలోయిస్ బ్యూరెన్ ఇలాంటి పిల్లలనే వర్ణించారు. కొన్ని పుస్తకాల్లో విలియమ్స్-బ్యూరెన్ సిండ్రోమ్ అనే పేరు కనిపించేది అందుకే.

ఎంతమందికి వస్తుందన్న లెక్క అధ్యయనాన్ని బట్టి మారుతుంది. 7,500 మందిలో ఒకరికని కొందరు, 20,000 మందిలో ఒకరికని కొందరు చెబుతారు. ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగా వస్తుంది.

కడుపుతో ఉన్నప్పుడు నేను ఏదైనా పొరపాటు చేశానా?

లేదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ చెబుతాను, ఎందుకంటే తల్లులు దీన్ని ఏళ్ళ తరబడి మనసులో మోస్తుంటారు.

క్రోమోజోమ్‌లో ఆ ముక్కకు రెండు వైపులా దాదాపు ఒకే పోలికగల డీఎన్ఏ వరుసలు ఉన్నాయి. అండం గానీ వీర్యకణం గానీ తయారయ్యేటప్పుడు క్రోమోజోములు జత కూడి ముక్కలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఆ సమయంలో ఈ పోలికగల వరుసలు పొరపాటున ఒకదానికి ఒకటి జోడీ కడితే మధ్యలోది జారిపోతుంది. అది గర్భం ధరించడానికి ముందే జరిగిపోయిన విషయం. తిన్న తిండికి, పడ్డ బెంగకు, చేసిన పనికి దానితో సంబంధం లేదు. చాలా కుటుంబాల్లో ఇది మొదటిసారి, ఆ బిడ్డలోనే కనిపిస్తుంది. తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం సాధారణంగా చాలా తక్కువ. అయినా జన్యు సలహాదారును ఒకసారి కలవడం మంచిది. విలియమ్స్ సిండ్రోమ్ ఉన్న వ్యక్తికే పిల్లలు పుడితే మాత్రం ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం 50 శాతం.

క్రోమోజోమ్ పరీక్షలో ఏమీ లేదన్నారు. అయినా ఉండవచ్చా?

ఉండవచ్చు. క్రోమోజోములను సూక్ష్మదర్శిని కింద చూసే మామూలు పరీక్షకు ఇంత చిన్న ముక్క అందదు. ఇలాంటి చిన్న లోటును కూడా పట్టే జన్యు పరీక్షలు, ఫిష్ (FISH) గానీ, క్రోమోజోమల్ మైక్రోఅరే గానీ చేయించాలి. మీ చేతిలో ఉన్న రిపోర్టు ఏ పరీక్షదో ముందు చూసుకోండి.

తెలివితేటలు ఎంతవరకు ఉంటాయి? ఐక్యూ చెబితే సరిపోతుందా?

చాలా అధ్యయనాల్లో సగటు ఐక్యూ 55 నుంచి 65 ప్రాంతంలో వచ్చింది. సాధారణ జనాభాలో సగటు 100. అయితే ఈ సిండ్రోమ్ ఉన్నవారిలోనే 40 వచ్చినవారూ ఉన్నారు, సాధారణ స్థాయిని అందుకున్నవారూ ఉన్నారు.

ఆ ఒక్క అంకెను నేను ఎన్నడూ తల్లిదండ్రుల చేతిలో పెట్టి పంపను. ఎగుడుదిగుడు నేలకు సగటు ఎత్తు కట్టి చెబితే నడిచేవాడికి ఏం ఉపయోగం? గుంట ఎక్కడుందో, మిట్ట ఎక్కడుందో తెలియాలి. వస్తువుల, మనుషుల, జంతువుల పేర్లు తెలియడం, విన్నదాన్ని విన్నట్టు కాసేపు గుర్తుంచుకుని తిరిగి చెప్పడం ఈ పిల్లల మిట్టలు. చూసినదాన్ని చూసినట్టు కట్టడం, గీయడం, అమర్చడం వాళ్ళ గుంటలు. ఒకే బిడ్డలో ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉంటుందంటే, రెండూ కలిపి కట్టిన సగటు ఆ బిడ్డలోని ఏ సామర్థ్యాన్నీ సరిగ్గా చెప్పదు. రిపోర్టు వచ్చినప్పుడు విడివిడి విభాగాల ఫలితాలు అడిగి తీసుకోండి. బడికి ఇవ్వాల్సినవి కూడా అవే.

ఇంత మాట్లాడే పిల్లకు చిన్న బొమ్మ గీయడం ఎందుకు రాదు?

ఒక తొమ్మిదేళ్ళ పాప నా ఎదురుగా కూర్చుంది. ఎరుపు, తెలుపు ముఖాలున్న నాలుగు ఘనాలు ఇచ్చి, కార్డులో ఉన్న నమూనాలా పేర్చమన్నాను. కార్డులో తెల్లటి చతురస్రం మధ్యలో ఎర్రటి వజ్రం ఆకారం. “ఇది గాలిపటంలా ఉంది, కదా?” అంది. నిజమే, గాలిపటంలానే ఉంది. మొదటి ఘనాన్ని సరిగ్గానే తిప్పింది. రెండోది దాని పక్కన కాకుండా మూలకు ఆనించి పెట్టింది. మూడోది చేతిలో తిప్పుతూనే ఉండిపోయింది. చివరికి నాలుగూ ఒక వరుసలో నిచ్చెనలా నిలిచాయి. కార్డు వైపు చూసింది, తను పేర్చినదాని వైపు చూసింది, “కుదరలేదు” అంది. తప్పు జరిగిందని ఆమెకు తెలుసు. ఎక్కడ జరిగిందో, ఎలా సరిచేయాలో మాత్రం అందడం లేదు.

అమెరికాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉర్సులా బెలూజీ బృందం 1980ల నుంచి ఈ తేడాను దగ్గరగా పరిశీలించింది. ఏనుగు గురించి చెప్పమంటే కళ్ళకు కట్టినట్టు చెప్పిన అమ్మాయి, అదే ఏనుగును గీసినప్పుడు చెవి ఒక చోట, తొండం ఒక చోట, కాళ్ళు ఇంకెక్కడో పడ్డాయి. ఇంకో పరీక్షలో చిన్న చిన్న ‘వై’ అక్షరాలతో పేర్చిన పెద్ద ‘డి’ అక్షరాన్ని చూపి గీయమన్నారు. విలియమ్స్ సిండ్రోమ్ ఉన్నవారు కాగితమంతా చిన్న ‘వై’లు చల్లారు, పెద్ద ఆకారం నిలవలేదు. డౌన్ సిండ్రోమ్ అనే మరో క్రోమోజోమ్ తేడా ఉన్నవారు పెద్ద ‘డి’ గీసి చిన్నవాటిని వదిలేశారు.

ఇది కంటి చూపు లోపం వల్ల వచ్చేది కాదు. మెల్లకన్ను వంటివి ఈ పిల్లల్లో ఎక్కువే, వాటికి విడిగా వైద్యం చేయించాలి. కానీ అసలు కారణం మెదడులో ఉంది. చూసినదాన్ని ‘ఇది ఏమిటి’ అని గుర్తుపట్టే దారి ఒకటి, ‘ఇది ఎక్కడుంది, దీన్ని చేత్తో ఎలా అందుకోవాలి’ అని లెక్కకట్టే దారి ఇంకొకటి. వీరిలో రెండో దారి బలహీనం. అందుకే ముఖాలను బాగా గుర్తుపడతారు, మెట్లు దిగేటప్పుడు మాత్రం కాలితో తడుముకుంటారు. అంకెలను నిలువు వరుసలో పేర్చడం, షూ లేసు కట్టడం, తెలిసిన వీధిలోనే తిరుగు దారి పట్టడం, ఇవన్నీ ఆ రెండో దారి పనులే.

సాయం చేసే పద్ధతి ఈ పిల్లల బలంలోనే దొరుకుతుంది. చేతిని మాటతో నడిపించాలి. “నన్ను చూసి చెయ్యి” అంటే పని జరగదు. “ముందు పైన ఎడమ వైపుది పెట్టు. ఎరుపు నీ వైపుకు రావాలి. ఇప్పుడు దాని పక్కన” అని వరుసగా చెబితే చాలామంది చేయగలుగుతారు. కొన్నాళ్ళకు ఆ వరుసను తామే పైకి చెప్పుకుంటూ చేస్తారు. గళ్ళున్న లెక్కల పుస్తకం, పెద్ద గుండీలు, మెట్ల అంచుకు రంగు పట్టీ చూడటానికి చిన్న ఏర్పాట్లే. వాటితో తప్పే కన్నీళ్ళు చాలా ఎక్కువ.

రెండేళ్ళు దాటినా మాటలు రాలేదు. ఈ సిండ్రోమ్ ఉంటే మాటకారులు అవుతారని చదివాం. ఏది నిజం?

రెండూ నిజమే. మొదటి మాటలు దాదాపు అందరిలోనూ ఆలస్యంగానే వస్తాయి. పసితనంలో కాల్షియం ఎక్కువై విసుగు, కడుపునొప్పి, పాలు తాగడంలో ఇబ్బంది, తరచూ ఆసుపత్రి ప్రయాణాలు ఉంటే ఇంకొంత ఆలస్యం అవుతుంది. తర్వాత మాట అందుకుంటుంది. బడి వయసుకు చాలామంది ధారాళంగా మాట్లాడతారు.

ఇక్కడ ఒక విశేషం ఉంది. మామూలుగా పసిపిల్లలు ముందు వేలు చూపిస్తారు, తర్వాత పేరు చెబుతారు. చందమామ వైపు వేలు చూపి అమ్మ ముఖంలోకి చూసే ఆ క్షణం నుంచే మాట పుడుతుంది. విలియమ్స్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో చాలామంది వేలు చూపడం మొదలుపెట్టేది కొన్ని మాటలు వచ్చాకే. పసివాళ్ళుగా వీళ్ళు అమ్మ ముఖం నుంచి చూపు తిప్పరు. బొమ్మను చూసి, అమ్మను చూసి, మళ్ళీ బొమ్మను చూసే మూడు కొసల ఆట మాత్రం తక్కువగా ఆడతారు. కాబట్టి “ముందు వేలు చూపించడం రానివ్వండి, తర్వాత మాటలు నేర్పుదాం” అని ఆగకూడదు. పాప ఇప్పటికే దేని వైపు చూస్తోందో దాని పేరే చెప్పండి. బొమ్మను మీ ముఖం పక్కకు తెచ్చి చూపిస్తే చూపు దాని మీదికి మళ్ళడం సులువు.

ధారాళంగా మాట్లాడే వయసు వచ్చాక ఇంకో చిక్కు మొదలవుతుంది. పేర్లు, వర్ణనలు బాగా వస్తాయి. మధ్యలో, వెనకగా, అంతకుముందు, దానికంటే తక్కువ వంటి సంబంధాలు చెప్పే మాటలు అంతగా రావు. వాక్యం వినసొంపుగా ఉంటుంది కాబట్టి ఎదుటివాళ్ళు అర్థమైందనుకుంటారు. బడిలో ఇది రోజూ జరుగుతుంది. “అర్థమైందా?” అని టీచరు అడిగితే పాప నవ్వుతూ “అర్థమైంది” అంటుంది. ఆ ప్రశ్న మానేసి “నేను ఏం చేయమన్నానో చెప్పు” అని అడగమనండి.

మా పాప అందరి దగ్గరికీ వెళుతుంది. ఇది మంచి గుణమే కదా?

మంచి గుణమే. అందులో సందేహం లేదు. ఆ తొమ్మిదేళ్ళ పాపే, ఘనాల పరీక్ష అయ్యాక బయట కూర్చున్న ఒక అపరిచితురాలి దగ్గరికి వెళ్ళి, చెయ్యి పట్టుకుని, “మీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏడ్చారా?” అని అడిగింది. ఆ గదిలో అంతసేపు కూర్చున్న పెద్దవాళ్ళెవరూ ఆ కళ్ళను చూడలేదు. ఈ పిల్లల్లో ఎదుటివారి బాధ పట్ల కనిపించే ఆర్ద్రత నటన కాదు, నేర్పితే వచ్చిందీ కాదు.

అయితే అదే పాప అదే చనువుతో ఎవరి వెంటైనా వెళ్ళిపోగలదు. ఇంత ఆర్ద్రత ఉన్న బిడ్డకు జాగ్రత్త నేర్పాల్సి రావడం తల్లిదండ్రులకు కష్టంగా ఉంటుంది. నాకూ కష్టంగానే ఉంటుంది. కానీ నేర్పాలి.

అపరిచితులంటే భయం ఎందుకు ఉండదు?

పలకరించాలన్న తహతహ ఎక్కువ, ఆపుకునే పట్టు తక్కువ. దానికి తోడు మెదడులో ఇంకో తేడా ఉంది. ప్రమాదాన్ని పసిగట్టే పనిలో అమిగ్డలా అనే చిన్న భాగం ముఖ్యమైనది. 2005లో ఆండ్రియాస్ మేయర్-లిండెన్‌బర్గ్ బృందం ప్రచురించిన పరిశోధనలో, కోపంతోనో భయంతోనో ఉన్న ముఖాలను చూపినప్పుడు విలియమ్స్ సిండ్రోమ్ ఉన్నవారి అమిగ్డలా ఇతరులకంటే తక్కువగా స్పందించింది. మనుషులు లేని భయంకర దృశ్యాలు చూపినప్పుడు మాత్రం ఇతరులకంటే ఎక్కువగా స్పందించింది. ఇంటివాళ్ళు రోజూ చూసేది కూడా ఇదే. పిడుగంటే వణికిపోయే బాబు, కోపంగా ఉన్న అపరిచితుడి దగ్గరికి నవ్వుతూ వెళతాడు.

మరి జాగ్రత్త ఎలా నేర్పాలి?

“తెలియనివాళ్ళతో మాట్లాడకూడదు” అన్న నియమం ఈ పిల్లల దగ్గర పనిచేయదు. రెండు నిమిషాలు మాట్లాడితే ఎవరైనా వాళ్ళకు తెలిసినవాళ్ళే. నియమాన్ని పొల్లు పోకుండా అప్పజెప్పి, మరుక్షణమే దాన్ని ఉల్లంఘించే పిల్లలు ఎక్కువ. చెప్పగలగడం వేరు, చేయగలగడం వేరు అన్నది ఇక్కడ అన్నిటికన్నా గట్టిగా గుర్తుంచుకోవాలి.

లెక్కపెట్టగలిగేంత చిన్న నియమాలు పెట్టండి. కౌగిలింత ఎవరికో పేర్లతో సహా చెప్పండి, వాళ్ళ ఫోటోలు ఒక కాగితం మీద అతికించండి. కరచాలనం ఎవరికి, నమస్కారం ఎవరికి, చెయ్యి ఊపడం ఎవరికి అన్నదీ అలాగే. కొత్తవాళ్ళతో మాట్లాడాలనిపిస్తే ముందు మీ వైపు తిరిగి అడగాలి, అది ఒక్కటే నియమం. ఎవరైనా “రా, నీకు ఒకటి చూపిస్తాను” అంటే ‘వద్దు’ అని చెప్పి, అక్కడి నుంచి కదిలి, తెలిసిన పెద్దవాళ్ళకు చెప్పాలి. ఈ మూడూ ఇంట్లో నటించి చూపించండి. పాపకు పరిచయం లేని మీ స్నేహితుల సాయంతో బయట నిజమైన చోట్ల అభ్యాసం చేయించండి. ఒకసారి సరిగ్గా చేసిందని వదిలేయకండి, కొన్ని నెలలకోసారి మళ్ళీ చూడండి. తన శరీరం గురించి, ఎవరు ఎక్కడ తాకకూడదన్న దాని గురించి చిన్నప్పుడే అసలు పేర్లతో చెప్పాలి.

అందరూ ఇష్టపడతారు, కానీ మా బాబుకు స్నేహితులు లేరు. ఎందుకు?

నాకు అన్నిటికన్నా బాధ కలిగించే ప్రశ్న ఇదే. ఈ సిండ్రోమ్ ఉన్న పెద్దవాళ్ళలో ఒంటరితనం చాలా ఎక్కువ. అందరితో కలుపుగోలుగా ఉండే మనిషి ఒంటరిగా ఉండటం వినడానికి వింతగా ఉంటుంది. కానీ పలకరింపు తలుపు తట్టడం లాంటిది, స్నేహం లోపలికి వచ్చి కూర్చోవడం లాంటిది. తలుపు తట్టడంలో ఈ పిల్లలు అందరికన్నా ముందుంటారు.

2000లో హెలెన్ టాగర్-ఫ్లుస్‌బర్గ్, కేట్ సలివాన్ చేసిన ఒక విభజన ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. ఎదుటివారి ముఖం, గొంతు చూసి అప్పటికప్పుడు పట్టుకునే భావం ఒక రకం. ఎదుటివారికి ఏం తెలుసు, ఏం తెలియదు, ఏం అనుకుంటున్నారు, ఎందుకు అలా అన్నారు అని ఊహించడం రెండో రకం. విలియమ్స్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు మొదటిదానిలో కొంత పట్టు ఉంటుంది, రెండోదానిలో ఇబ్బంది. హాస్యమో అబద్ధమో తేల్చుకోలేకపోవడం, ఎగతాళిని మెచ్చుకోలు అనుకోవడం, అవతలివాళ్ళు ఆవులిస్తున్నా తనకు ఇష్టమైన విషయమే చెబుతూ పోవడం దాని ఫలితాలే. చిన్నప్పుడు తోటివాళ్ళు సర్దుకుపోతారు. పదేళ్ళు దాటేసరికి స్నేహంలోకి రహస్యాలు, అలకలు, చాటు మాటలు వస్తాయి. అక్కడ బాబు వెనకబడతాడు. పెద్దవాళ్ళు ఓపికగా వింటారు కాబట్టి పెద్దవాళ్ళ దగ్గరికే వెళతాడు, తోటివాళ్ళతో అభ్యాసం ఇంకా తగ్గుతుంది.

మాటల మీద నడిచే స్నేహం కన్నా పని మీద నడిచే స్నేహం వీళ్ళకు నిలుస్తుంది. వారానికి ఒకసారి, ఒకే సమయానికి, ఒకరో ఇద్దరో పిల్లలతో, ముందే అనుకున్న ఒక పని. పాట పాడటం, కుక్కను నడిపించడం, మొక్కలకు నీళ్ళు పోయడం, ఏదైనా సరే. పని చేతిలో ఉంటే మాట దానికదే హద్దులో ఉంటుంది. “నువ్వు ఒకటి అడుగు, జవాబు విను, ఆ జవాబు గురించే ఇంకొకటి అడుగు” అన్న మూడు మెట్లను అభ్యాసం చేయించండి. మూడో మెట్టుకు నెలలు పడుతుంది, పడనివ్వండి.

దీన్ని ఆటిజానికి పూర్తి వ్యతిరేకం అంటారు. నిజమేనా?

ఆ పోలిక వల్ల మేలు కన్నా హాని ఎక్కువ జరిగింది. మనుషుల వైపు ఆకర్షణ విషయంలో తేడా ఉన్నమాట నిజం. కానీ సంభాషణను అటూ ఇటూ నడపడం, ఎదుటివారి ఆలోచనను ఊహించడం, మార్పును తట్టుకోవడం వంటి ఇబ్బందులు రెండింటిలోనూ కనిపిస్తాయి. కొందరు పిల్లలకు రెండూ ఉంటాయి. “ఇంత కలుపుగోలుగా ఉంటే ఆటిజం ఎలా ఉంటుంది?” అని పరీక్షే చేయకుండా పంపేస్తే, అందాల్సిన సాయం ఆ బిడ్డకు అందదు.

ఎప్పుడూ నవ్వుతూ ఉండే పిల్లకు ఆందోళన ఏమిటి?

మనుషుల గురించిన బెరుకు తక్కువ, మిగిలిన లోకం గురించిన భయం ఎక్కువ. ఒక నిర్దిష్ట వస్తువు లేదా సందర్భం అంటే విపరీతమైన భయం సగానికి పైగా పిల్లల్లో కనిపిస్తుంది. ఏకాగ్రత నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం వంటి ఏడీహెచ్‌డీ లక్షణాలు కూడా అంతే సాధారణం. జరగబోయేదాని గురించిన బెంగ అయితే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. “రేపు డాక్టరు దగ్గరికి ఎన్నింటికి? సూది వేస్తారా? వేస్తే ఏ చేతికి?” అని ఒకే ప్రశ్న ముప్పైసార్లు. ముప్పై జవాబులు ఇచ్చినా బెంగ తగ్గదు. జవాబును కాగితం మీద రాసి గోడకు పెట్టి, అడిగినప్పుడల్లా “గోడ మీద చూద్దాం పద” అనండి. మార్పుల గురించి ఎంత ముందు చెప్పాలన్నది ప్రతి బిడ్డకూ వేరు. వారం ముందు చెబితే వారమంతా నిద్రపోని పిల్లలకు ముందు రోజు సాయంత్రం చాలు.

భయం రోజువారీ జీవితాన్ని ఆపేస్తుంటే మానసిక వైద్యుణ్ణి కలవండి. ఆలోచనను, ప్రవర్తనను మెల్లగా మార్చే చికిత్సను బొమ్మలతో, తేలిక మాటలతో ఈ పిల్లలకు తగ్గట్టు మార్చి ఇవ్వవచ్చు. “వాడి స్వభావమే అంత” అని ఊరుకోవద్దు.

శబ్దాలకు చెవులు మూసుకుంటాడు, పాట వస్తే పరవశించిపోతాడు. ఎందుకిలా?

శబ్దం పట్ల అతి సున్నితత్వం ఈ సిండ్రోమ్‌లో చాలా సాధారణం. బెలూన్ పగలడం, మిక్సీ, ఉరుము, చప్పట్లు కొందరికి నొప్పిలా తగులుతాయి. అదే చెవి పాటలో గంటలు గడుపుతుంది. సంగీతం వాళ్ళలో రేపే భావం లోతుగా, ఎక్కువసేపు ఉంటుంది. అంతమాత్రాన ప్రతి బిడ్డా గొప్ప గాయకుడు కావాలని ఆశపడితే అదొక బరువు. పాటను ఆనందంగా ఉండనివ్వండి, అక్కడక్కడా పాఠానికి వాడుకోండి. వారాల పేర్లు, ఇంటి చిరునామా, చేతులు కడుక్కునే వరుస రాగంలో పెడితే త్వరగా పట్టుబడతాయి.

చెవులు మూసుకునే బిడ్డకు వినికిడి లోపం ఉండదనుకోవడం పొరపాటు. ముఖ్యంగా కీచుమనే, హెచ్చు శ్రుతి శబ్దాలు వినడంలో లోపం చాలామందిలో వయసుతో పాటు పెరుగుతుంది. వినికిడి పరీక్షలు క్రమం తప్పకుండా చేయించండి.

చదువు సంగతి? లెక్కలు ఎక్కడా కుదరడం లేదు.

చదవడం చాలామందికి వస్తుంది. పదం మొత్తాన్ని బొమ్మలా గుర్తుపెట్టుకునే పద్ధతి వీరికి అంతగా నప్పదు. అక్షరానికి ధ్వనిని జోడిస్తూ, ధ్వనులను కలుపుతూ క్రమంగా నేర్పితే మంచి ఫలితం ఉంటుందని పరిశోధనలు చూపించాయి. చదివినది అర్థం చేసుకోవడం మాత్రం విడిగా సాధన చేయించాలి.

లెక్కల విషయంలో 1999లో అనెట్ కార్మిలోఫ్-స్మిత్ బృందం ప్రచురించిన ఫలితం నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. పసివయసులో, రెండింటికీ మూడింటికీ తేడా పట్టడంలో విలియమ్స్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు బాగానే చేశారు, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు ఇబ్బంది పడ్డారు. పెద్దవాళ్ళను పరీక్షిస్తే ఇది తారుమారైంది. సంఖ్యల పనిలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారే మెరుగు. పుట్టుకతో ఉన్నదాన్ని బట్టి చివర ఏముంటుందో, చివర ఉన్నదాన్ని బట్టి మొదట ఏముందో చెప్పలేమన్నమాట. మధ్యలో జరిగే ఎదుగుదలే అసలు కథ. మెదడు తయారై రాదు, వాడకంతో తయారవుతూ పోతుంది. నేర్పేవారికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కరలేదు.

బడిలో లెక్కలను డబ్బు, సమయం, కొలతల వైపు తిప్పండి. ముళ్ళ గడియారం అంతుచిక్కకపోతే అంకెల గడియారం ఇవ్వండి. దానివల్ల ఎవరి గౌరవమూ తగ్గదు. పరీక్షల్లో రాత బదులు నోటితో చెప్పే వీలు, బోర్డు మీది నుంచి చూసి రాసుకునే పని నుంచి మినహాయింపు అడగండి.

ఈ కలుపుగోలుతనం ఏ జన్యువు వల్ల?

ఒక జన్యువుకు ఒక గుణం అని ముడిపెట్టలేం. అయినా జీటీఎఫ్2ఐ అనే జన్యువు, దాని పక్కనున్నవి ముఖ్యమని చాలా ఆధారాలు సూచిస్తున్నాయి. 2017లో కుక్కల మీద వచ్చిన ఒక అధ్యయనంలో, మనుషులతో కుక్కలకున్న అతి చనువుకూ సరిగ్గా ఈ ప్రాంతంలోని జన్యు మార్పులకూ సంబంధం కనిపించింది. అదే ముక్క పోకుండా ఒకటి అదనంగా ఉన్న పిల్లలూ ఉన్నారు. వారిలో మాట బాగా ఆలస్యం, అమ్మను వదిలి ఉండలేని బెంగ, కొత్తవారంటే బెరుకు ఎక్కువ.

ఎదుగుదలకు సంబంధించి వైద్యపరంగా ఏం గుర్తుంచుకోవాలి?

గుండె, రక్తపోటు, థైరాయిడ్, కాల్షియం పరీక్షలు డాక్టరు చెప్పిన గడువుల్లో జరగాలి. డాక్టరును అడగకుండా విటమిన్ డి, కాల్షియం ఉన్న మందులు ఇవ్వవద్దు. మత్తు ఇవ్వాల్సిన ఏ చికిత్సకైనా, పంటి పనికైనా సరే, ముందుగా గుండె వైద్యుల అభిప్రాయం తప్పనిసరి. ఈ పిల్లల్లో మత్తుమందు ప్రమాదం మామూలు కన్నా ఎక్కువ.

పెద్దయ్యాక తెలివి తగ్గిపోతుందా? సొంతంగా బతకగలరా?

పిల్లల వయసు నుంచి నడివయసు దాకా ఐక్యూ మొత్తం మీద నిలకడగా ఉంటుంది, మాటల సంపద పెరుగుతూ పోతుంది. అందులో భయపడాల్సింది లేదు. ఎక్కువమంది పెద్దవాళ్ళు కుటుంబంతోనో, తోడు ఉండే ఏర్పాట్లలోనో జీవిస్తారు. కొందరు కొద్దిపాటి సాయంతో విడిగా ఉంటున్నారు. మనుషులతో మెలిగే పనుల్లో, సంగీతం ఉన్న చోట, పసిపిల్లల, వృద్ధుల సంరక్షణలో రాణించినవారు ఉన్నారు. ఉద్యోగం నిలవకపోతే దాని వెనక తరచూ కనిపించేది ఏకాగ్రత లోపం, అతిగా మాట్లాడటం, ఆందోళన. చేతకానితనం అరుదు. డబ్బు విషయంలో మోసపోయే ప్రమాదం మాత్రం నిజంగా ఉంది. ఇవ్వమంటే ఇచ్చేసే మనసు వాళ్ళది. ఖాతాలో పెద్ద మొత్తాలకు ఇంకొకరి సంతకం అవసరమయ్యేలా ముందే ఏర్పాటు చేయండి, అది వాళ్ళకు తెలిసేలా, వాళ్ళ ఒప్పుకోలుతోనే చేయండి.

తనకు ఈ సిండ్రోమ్ ఉందని బిడ్డకు చెప్పాలా?

చెప్పాలి. ఎనిమిది, తొమ్మిదేళ్ళకే చాలామంది తాము వేరుగా ఉన్నామని గమనిస్తారు. మీరు చెప్పకపోతే కారణం వాళ్ళే వెతుక్కుంటారు, అది తప్పకుండా “నేను మంచిదాన్ని కాదు” అన్న వైపే పోతుంది. పెద్ద సమావేశం అక్కరలేదు. స్నానం చేయిస్తూనో, దారిలో నడుస్తూనో, అడిగినంత వరకే చెప్పండి. ఏది తేలికగా వస్తుందో, దేనికి ఎక్కువ సాయం కావాలో, రెండూ కలిపి చెప్పండి.

ఒక పన్నెండేళ్ళ బాబుకు వాళ్ళ నాన్న నా ముందే చెప్పారు. క్రోమోజోమ్‌ను పూసల దండలా గీసి, ఒక చోట కొన్ని పూసలు లేవని చూపించారు. బాబు ఆ ఖాళీ మీద వేలు పెట్టి, “ఇవి ఎక్కడ పడిపోయాయి?” అని అడిగాడు. ఎక్కడా పడిపోలేదని, నువ్వు పుట్టకముందే దండ ఇలాగే కూర్చబడిందని ఆయన చెప్పారు. కాసేపు ఆలోచించి, “అయితే వెతకక్కర్లేదు” అన్నాడు. మరుసటి వారం వచ్చి మళ్ళీ అదే అడిగాడు. మళ్ళీ అదే బొమ్మ గీసి, మళ్ళీ చెప్పాం.